బందెలదొడ్డి పెరుగు

నాకు చదువు రాదు. సంతకం పెట్టడం, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం, అంతవరకే. నేను చెబుతుంటే నా బిడ్డ రాస్తోంది. మధ్యలో ఆపి "అమ్మా, ఇది వద్దులే" అంటే ఒప్పుకోనని ముందే చెప్పాను. సిగ్గు నాది, రాసే చేతిది కాదు.

ఈ ఊరికి మేము కొత్త. ఎడిసన్‌లో ఉన్నన్నాళ్ళూ గడప దాటితే మన మొహాలే కనబడేవి. కరివేపాకు కోసం వెళితే ముగ్గురు ఆడవాళ్ళు ఆపి పలకరించేవాళ్ళు. నా పెనిమిటి పోయాక, బిడ్డా అల్లుడూ మసాచుసెట్స్‌లో ఒక మూలనున్న ఈ చిన్న ఊళ్ళో ఇల్లు కొని నన్నూ తీసుకొచ్చారు. ఇక్కడ కిటికీలో చెట్లు, మంచు, అప్పుడప్పుడు ఒక జింక. మొన్న మంచు కరిగే రోజుల్లో ఊరి సభ అన్నారు. ఏడాదికొకసారి ఊరివాళ్ళంతా బడిలో పిల్లలు ఆడుకునే హాలులో చేరి, రోడ్డు బాగుకీ, మంచు తోసే బండికీ చేతులెత్తి ఒప్పుకోవాలట. ఇంట్లో ఒక్కదానివే ఏం చేస్తావు రమ్మని బిడ్డ లాక్కుపోయింది.

హాలంతా తడి బూట్ల వాసన, కాఫీ వాసన. ఒక మూల బల్ల మీద ఎవరో ఇంట్లో చేసుకొచ్చిన దాల్చిన చెక్క బిస్కెట్లు. ఇనుప కుర్చీలో శాలువా కప్పుకుని కూర్చున్నాను. వాళ్ళ మాటలు నాకు సగం కూడా అందలేదు. చివర్లో సభ నడిపించే ముసలాయన కళ్ళజోడు తీసి ఏదో నవ్వుతూ చెప్పాడు. అందరూ నవ్వారు. నా బిడ్డ పేరు పిలిచారు. అది లేచి నిలబడి చెంపలు ఎర్రబడేలా నవ్వుతూ చెయ్యి ఊపింది. హాలంతా చప్పట్లు.

"ఏందే, ఏమిచ్చిండ్రు నీకు?" అన్నాను కూర్చున్నాక.

"ఏం లేదమ్మా, జస్ట్ ఫన్. పాతకాలం పోస్టు ఒకటి. కొత్తగా ఇల్లు కొన్నవాళ్ళకి ప్రతీ ఇయర్ ఇస్తారంట. పౌండ్ కీపర్."

"అంటే?"

"తప్పిపోయిన ఆవుల్నీ గొర్రెల్నీ తీసుకొచ్చి ఒక రాళ్ళ దొడ్లో పెట్టేవాళ్ళంట. ఓనర్ వచ్చి ఫైన్ కట్టి విడిపించుకోవాలి. ఆ దొడ్డి తాళం నా దగ్గర అన్నమాట. ఇప్పుడు ఆవుల్లేవనుకో."

పక్క కుర్చీలో కూర్చున్న తెల్లాయన నన్ను చూసి, నాకు మా భాషలో చెప్పమని బిడ్డకు సైగ చేసి తనే మొదలుపెట్టాడు. అది తెలుగు చేసి చెప్పింది. ఈ పదవులన్నీ ఇంగ్లండు పల్లెల నుంచి వచ్చినవట. ఆ పల్లెల్లో ఊరికొక దొడ్డి, దానికొక మనిషి. కంచెలు చూసేవాడొకడు. కాచిన బీరు రుచి చూసి మంచిదో కాదో ఊరికి చెప్పేవాడు ఒకడు, వాడు అబద్ధం చెప్పనని ప్రమాణం చేసి పనిలో చేరాలట. ఆ పల్లెలు వదిలి ఓడెక్కి వచ్చినవాళ్ళు దేవుణ్ణీ విత్తనాలనూ తెచ్చుకున్నట్టే ఈ దొడ్డినీ తెచ్చుకున్నారట.

"తాతయ్య కూడా పంచాయతీలోనే కదమ్మా చేసేవాడు? చూడు, నాకు హెరెడిటరీ," అని బిడ్డ నా భుజం తట్టింది.

ఇంటికి పోయే దారిలో ఆ దొడ్డి చూపిస్తానని కారు ఆపింది. నడుమెత్తు రాతిగోడ, రాళ్ళ మీద పాచి, లోపల ఎండుటాకులు. గోడకు ఒక చెక్క బెంచీ వేసి ఉంది, కూర్చుని తినడానికి. ఫోటో తీస్తాను దిగమంది. కాళ్ళు నొస్తున్నాయన్నాను. నొప్పేం లేదు.

మా బాపు బందెలదొడ్డి కాపలావాడు.

మా ఊళ్ళో అప్పటికి పటేలు పట్వారీల రోజులు పోయి పంచాయతీ వచ్చింది. వచ్చిందంటే, అరుగు ముందు ఒక బోర్డు వచ్చింది, కప్పు మీద ఒక మైకు వచ్చింది. కుర్చీలో కూర్చున్నది మాత్రం పాత పటేలు కొడుకే. ఊరు ఆయనను సర్పంచ్ అని పిలవడం నేర్చుకోలేదు, పటేలా అనే పిలిచేది. వీధి దీపాలకు కిరసనాయిలు పోయడం, బావిలో పూడిక తీయించడం, ఎవరి గట్టు ఎవరు జరిపారో తేల్చడం, అన్నీ ఆ అరుగు మీదే. అరుగు వెనక బందెలదొడ్డి. నిలువెత్తు రాతిగోడ, టేకు తలుపు, తలుపుకు గొలుసు. ఆ తాళంచెవి బాపు మొలతాడుకు ఉండేది. స్నానం చేసేటప్పుడు కూడా విప్పేవాడు కాదు. నడుస్తుంటే తొడకు తగిలి చిన్నగా చప్పుడయ్యేది. ఆ చప్పుడుకు వీధిలో ఆడవాళ్ళు తమ పశువులు కట్టుకొయ్య దగ్గర ఉన్నాయో లేవో ఒకసారి చూసుకునేవాళ్ళు.

మాకు సెంటు భూమి లేదు. గొడ్డూ గోదా లేదు. అయినా మా ఇంట్లో పెరుగు లేని పూట లేదు. ఎట్లాగంటే, దొడ్డిలో పడ్డ పాడి బర్రె పాలు కాపలావాడివి. ఎక్కడా రాసింది కాదు, వాడుక. పొదుగు నిండితే బర్రె అరుస్తుంది, పిండకుంటే రోగం వస్తుంది, కాబట్టి పిండాలి, పిండిన పాలు పారబోయలేరు కదా. ఆ పాలు అమ్మ మట్టి గురిగిలో కాచి తోడువేసేది.

రోజుకొక ఇంటి పెరుగు మాది. ఇది చెబితే నవ్వుతారేమో గానీ, రుచి చూసి ఏ బర్రె ఎక్కడ మేసి వచ్చిందో చెప్పేదాన్ని నేను. పత్తిగింజలు తిన్న బర్రె పెరుగు కత్తితో కోయాలన్నంత గట్టి. పచ్చి జొన్న తిన్నదైతే తియ్యన. పల్లిచేలో పడితే మీద పసుపు రంగు మీగడ. తుమ్మకాయలు తిన్నదైతే నాలుక పట్టేసినట్టు వగరు. ఉల్లిగడ్డ చేలో పడిందనుకో, ఇంక ఆ పెరుగు ఉల్లిగడ్డే. తోడువేసినా పోదు, తాలింపు పెట్టినా పోదు. బాపు కంచం ముందు కూర్చుని "ఇయ్యాల ఎవరి చేనే?" అనేవాడు. నేను వేలు నాకి చెప్పేదాన్ని. కరెక్టయితే తన కంచంలోని మీగడ తీసి నా కంచంలో వేసేవాడు. అమ్మ నవ్వుతూనే, "ఆ ఇద్యలు ఆడపిల్లకెందుకయ్యా నేర్పుతవు," అనేది.

సంతోషంగానే తిన్నాను. అది కూడా రాయి.

మధ్యాహ్నాలు బాపు నిద్రపోతే దొడ్డి గోడ ఎక్కి లోపలికి దూకేవాళ్ళం నేనూ, పక్కింటి పిల్లా. మేక పొదుగు కింద పడుకుని నోట్లోకే పిండుకునేవాళ్ళం. పేడ, ఉచ్చ, నానిన గడ్డి కలిసిన వెచ్చని వాసన జుట్టుకు పట్టేసేది. ఆ పిల్లతో తగవు పడ్డ రోజు మాత్రం అది బడి ముందు నిలబడి, "మీ ఇంట్ల బర్రెనే లేదు, ఊరోళ్ళ పెరుగు తిని బలిసినవు," అనేది. నేను దాని జడ పట్టుకుని గుంజేదాన్ని. ఇంటికొచ్చి పెరుగన్నమే తినేదాన్ని.

ఆ ఏడు చలికాలం ఊళ్ళో ఓట్లు జరిగాయి. పటేలు మళ్ళీ నిలబడ్డాడు. ఎదురుగా ఎప్పుడూ ఎవరూ నిలబడరు, ఈసారి ఒక చిన్న రైతు నిలబడ్డాడు. ఓడిపోయాడు గానీ, పటేలుకు వచ్చిన గెలుపు బొటాబొటిగా వచ్చింది. ఆయనకు ఆ గెలుపు ఓటమికంటే ఎక్కువ మండింది. ఎవరు తిప్పారు ఊరిని అని వెతికితే గాజులవ్వ పేరు తేలింది.

గాజులవ్వ గాజుల మలారం భుజానికేసుకుని ఇంటింటికీ తిరిగి గాజులు తొడిగే ముసలామె. ఆడవాళ్ళ చెయ్యి పట్టుకుని వేళ్ళు మెత్తగా నొక్కుతూ గాజు ఎక్కించేటప్పుడు కబుర్లు చెప్పేది. "ఒక్కసారి వేరేటోళ్ళను కూసోబెట్టి చూద్దాం బిడ్డా, కుర్చీ ఇరిగిపోతదా?" అని నవ్వుతూ అన్నదట, అంతే. ఆమెకున్నది ఒక బర్రె. ఆమె పెద్దబిడ్డ కాన్పులో పోయింది. ఆ పసిగుడ్డును అవ్వే పెంచుతోంది, ఆ బర్రె పాలే నీళ్ళు కలిపి దూది ఒత్తితో తాగించి. అంటే ఆ బర్రె ఇంట్లో ఉంటే పసిది బతుకుతుంది. అంత సూటి లెక్క.

ఒకనాటి సాయంత్రం పటేలు చేనికి కావలి ఉండే మనిషి ఆ బర్రెనూ, పాలు తాగే దాని దుడ్డెనూ తోలుకొచ్చి దొడ్డిలో వదిలాడు. పొద్దంతా పటేలు ఉల్లిగడ్డ చేలో పడి మేసిందన్నాడు. బాపు తాళం వేశాడు. దుడ్డె వెంట ఉంది కాబట్టి అమ్మ వెళ్ళి కూర్చోగానే బర్రె చేపింది, పొదుగులోకి పాలు వదిలింది. సర్వ నిండా పాలు. ఇంటికి తెచ్చి, కాచి, గోరువెచ్చగా చల్లార్చి, ఎప్పటిలాగే తోడువేసి మూతపెట్టింది. అలవాటున్న చెయ్యి, ఆలోచించదు.

దీపం పెట్టే వేళకు గాజులవ్వ మా గుమ్మంలో నిలబడింది. చేతిలో రాగి చెంబు. నేను గడప మీద కూర్చుని రేగుపళ్ళు తింటున్నాను.

"బిడ్డా," అన్నది అమ్మతో. "బర్రెను ఇడువుమంటలేను. పంచాయతీల తేలేదాక ఉండనీ. గిన్ని పాలు పొయ్యి. పసిది ఏడ్సి ఏడ్సి సొమ్మసిల్లింది."

అమ్మ లేచి నిలబడింది. పొయ్యి దగ్గర గురిగి వైపు చూసింది. మూత తీసింది. మళ్ళీ పెట్టింది.

"అవ్వా," అన్నది. "తోడేసిన."

గాజులవ్వ చెంబును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. కోపం రాలేదు ఆమెకు. అమ్మ చేతులు రెండూ చూసింది, గాజులన్నీ తను తొడిగినవే.

"ఎప్పుడేసినవ్?"

"గిప్పుడే."

"గట్లనా. పాయె మరి," అని వెళ్ళిపోయింది. ఆ రాత్రి పసిదానికి గంజి తేట పట్టిందని తర్వాత తెలిసింది.

తెల్లారి అమ్మ గురిగి మూత తీసి వేలు ముంచి నాకింది. నన్ను పిలిచి నా నోట్లో వేసింది. నేను, "పచ్చిగడ్డి, గట్టు మీది గడ్డి," అన్నాను. బాపు కంచం ముందు కూర్చున్నాడు. అమ్మ పెరుగు వడ్డించి నిలబడింది.

"ఇగో, తిని చెప్పు. ఉల్లిగడ్డ వాసనొస్తుందా?"

బాపు తిన్నాడు. "పెరుగు మంచిగనే ఉన్నది."

"నేననేదీ అదే. మంచిగున్నది. పొద్దంతా ఉల్లిచేల మేసిన బర్రె పెరుగు గిట్లుంటదా? ఆ బర్రె చేల పడనే లేదు. గట్టు మీద ఉన్నదాన్ని కావాలని తోలుకొచ్చిండ్రు."

బాపు ముద్ద కంచంలో పెట్టేశాడు. "పొల్లకు చెప్పకు గివన్నీ."

"అది నాకంటె ముందే చెప్పింది."

బాపు నా వైపు చూశాడు. మీగడ తీసి వేయలేదు.

అప్పటినుంచి అమ్మ పొద్దున్నే పాలు పిండగానే, ఇంటికి రాకుండా, నేరుగా గాజులవ్వ ఇంటికి ఒక చెంబు పోసి వచ్చేది. బాపు చూసీ చూడనట్టు ఉండేవాడు. అమ్మ మాత్రం ఇంట్లో ఒకటే మాట. "పంచాయతీల నువ్వు ఒక్క మాట అను. పాలు వాసన రాలేదను. సాలు." బాపు చుట్ట వెలిగించుకుని బయటికి పోయేవాడు.

పంచాయతీ రోజు ఊరంతా అరుగు ముందు కూర్చుంది. ఆడవాళ్ళు ఎడంగా, దొడ్డి గోడ నీడలో. నేను అమ్మ ఒళ్ళో కూర్చునే వయసు దాటినా ఆ రోజు ఆనుకునే కూర్చున్నాను. పటేలు కుర్చీలో కాలు మీద కాలు వేసుకున్నాడు. కావలి మనిషి చెప్పాల్సింది చెప్పాడు. బందె జరిమానా కట్టాలి, దాని మీద పంట నష్టం కట్టాలి అన్నారు. పంట నష్టం ఎంతన్నది ఆయన చేను, ఆయన నోరు. గాజులవ్వ ఇల్లు అమ్మినా తీరేది కాదది.

గాజులవ్వ లేచింది.

"పటేలా, నా బర్రె మీ చేల పడితె నేను ఒప్పుకుంట. పడలే. ఉల్లిగడ్డ మేసిన బర్రె పాలు దాగుతయా? దాని పాలు పిండినోళ్ళు గీ ఊళ్ళెనే ఉన్నరు. తిన్నోళ్ళు ఉన్నరు. అడుగుండ్రి."

ఊరంతా నవ్వింది, చెడ్డ నవ్వు కాదు, హుషారు నవ్వు. ఎవరో వెనకనుంచి, "ఆ మాట నిజమే పటేలా, ఉల్లిగడ్డ తిన్నోడు అత్తగారింటికి పోయినా తెలుస్తది," అన్నాడు. ఇంకా నవ్వారు. పటేలు కూడా నవ్వి, బాపు వైపు తిరిగాడు.

"ఏరా, నువ్వే గద కాపలా. చెప్పు మరి. వాసనొచ్చిందా, రాలేదా?"

బాపు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అమ్మ వెన్ను బిగుసుకోవడం నాకు తెలిసింది.

బాపు భుజం మీది తువ్వాల తీసుకుని ముక్కు తుడుచుకున్నాడు. మళ్ళీ ఒకసారి, గట్టిగా, అందరికీ వినబడేట్టు చీదాడు.

"నాకు పడిశం పట్టింది పటేలా. వాసన తెల్వలే."

జనం మళ్ళీ నవ్వారు. ముందటి నవ్వు కాదది.

ఇక్కడ నా బిడ్డ రాయడం ఆపింది. "ఆగమ్మా. తాతయ్యనా ఇట్లా అన్నది? నన్ను భుజాలమీద మోసుకుని జాతరకి తీసుకెళ్ళిన తాతయ్య?" అంది. ఆయనే. నిన్ను మోసిందీ ఆయనే, అక్కడ చీదిందీ ఆయనే. రాయి.

గాజులవ్వ బాపును చూసి, "అయ్యో బిడ్డా, శొంఠి కషాయం తాగక పోయినవా," అన్నది. ఎత్తిపొడుపో నిజంగా అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు. అమ్మ లేచి, నా చెయ్యి పట్టుకోకుండా, ఒక్కతే ఇంటికి నడిచిపోయింది.

గాజులవ్వ కట్టలేకపోయింది. డప్పు కొట్టి బర్రెను హర్రాజు వేశారు. మా వైపు ఒక నమ్మకం ఉంది, ఏడ్చినవాళ్ళ గొడ్డును కొంటే పాడి నిలవదని. వేలం పాట పాడమంటే ఒక్కడూ నోరు విప్పలేదు. కళ్ళాపి చల్లిన వాకిట్లో నిలబడ్డట్టు అందరూ కాళ్ళు చూసుకున్నారు. పటేలు చూసి చూసి, "ఎవ్వరికీ వద్దా? అయితె కాపలాకే ఇచ్చేయుండ్రి. ఊరి పని చేసే మనిషి, ఇంట్ల పాడి లేదు. దుడ్డెను ముసల్దానికి ఇడిసిపెట్టుండ్రి, పాపం," అన్నాడు. ఆయన ధర్మాన్ని ఇద్దరు ముగ్గురు మెచ్చుకున్నారు కూడా.

అలా ఆ బర్రె మా ఇంటికి వచ్చింది.

నేను సంతోషపడ్డాను. దాచి ఏం లాభం. మొట్టమొదటిసారి మా వాకిట్లో మా బర్రె. పక్కింటి పిల్ల గోడ మీంచి చూస్తుంటే కావాలనే దాని కొమ్ములకు నూనె రాశాను, నుదుట బొట్టు పెట్టాను. ఇంక నన్నెవరేమంటారు అనుకున్నాను. కానీ మర్నాడు బడిలో పిల్లలు వరసగా ముక్కు చీదడం మొదలుపెట్టారు. నేను పోతుంటే ఒకడు, వస్తుంటే ఇంకొకడు. పంతులు కూడా ఒకసారి నవ్వాపుకోవడం చూశాను. అప్పుడు అర్థమైంది నాకు, బర్రె ఎట్లా వచ్చిందో ఊరందరికీ తెలుసని. ఊరికి తెలిసినా ఊరు కూడా నోరెత్తలేదు కదా అని ఇప్పుడు అనుకుంటాను. అప్పుడు అది తట్టలేదు. తలవంచుకుని ఇంటికి వచ్చేదాన్ని.

ఇక బర్రె చేపలేదు. దుడ్డె లేదు మరి. అమ్మ ముందు పత్తిగింజలు పెట్టింది, పొదుగుకు వేడినీళ్ళు పోసింది, మెడ గోకింది. పొదుగు రాయిలా ఉండేది గానీ చుక్క వదిలేది కాదు. నొప్పికి కాళ్ళు మార్చుకుంటూ రాత్రీ పగలూ అరిచేది. మూడో పూటకు అమ్మ కొంగు నెత్తిమీద వేసుకుని గాజులవ్వ ఇంటికి పోయింది. నేనూ వెంట వెళ్ళాను.

"అవ్వా, దుడ్డెను ఒక్కసారి తోలుకొస్తవా? గొడ్డు పానం పోతున్నది."

"దుడ్డె ఏడున్నది బిడ్డా, అంగట్ల అమ్మిన. పసిదానికి పాలు కొనాలె గద." పసిదాన్ని భుజం మీదికి మార్చుకుంది. "నేనొస్త పా."

ఆమె మా వాకిట్లోకి రాగానే బర్రె తల తిప్పింది. అవ్వ పసిదాన్ని అమ్మ చేతికిచ్చి, కుండ మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చుంది. "ఏందే తల్లీ, అలిగినవా? ఎవరి మీద అలిగినవ్?" అంటూ పొదుగు నిమిరింది. పాలు దిగడం పైకి కనబడుతుంది, చన్నులు నిండి మెరుస్తాయి. కుండలో సర్రుసర్రుమని చప్పుడు. నిండిన కుండను ఆమె అమ్మకిచ్చింది. అమ్మ అందులోంచి ఒక చెంబు తీసి ఆమెకిచ్చింది. ఆమె తీసుకుని, "సల్లగుండు," అని దీవించి, పసిదాన్ని ఎత్తుకుని వెళ్ళింది.

రెండు పూటలా వచ్చేది. తన బర్రెను తనే పిండి, మాకు కుండ అప్పగించి, తన చెంబు పట్టుకుని పోయేది. అమ్మ ఎక్కువ పోయబోతే, "వద్దు, పసిది గింతనే తాగుతది," అనేది. అమ్మ ఒకసారి, "అవ్వా, తోలుకపో నీ బర్రెను, ఆయనకు నేను చెప్పుకుంట," అంది. గాజులవ్వ నవ్వింది. "తోలుకపోతె మల్ల దొడ్లెకే తోలుతరు. నీ మొగడే తాళమెయ్యాలె. వద్దులే." ఆమె మాటలో తప్పు లేదు. పటేలు చెయ్యి మీద బతికేవాళ్ళం. ఆమె వచ్చే వేళకు బాపు ఇంట్లో ఉండేవాడు కాదు. వీధి మలుపులో ఆమె కనబడితే చాలు, తాళంచెవి చేత్తో ఒత్తి పట్టుకుని చప్పుడు కాకుండా పెరటి దారిన పోయేవాడు.

ఆ పెరుగు నేను తినలేకపోయానని చెబితే మీరు నమ్ముతారు. తిన్నాను. రుచిగానే ఉండేది.

హోళీ దాటాక ఒక పొద్దున గాజులవ్వ పిండడం అయిపోయినా లేవలేదు. కొంగుకు చేతులు తుడుచుకుని, "బిడ్డా, ఇగ మాపటి సంది నేను రాను," అంది. "మా చిన్నబిడ్డ ఊరికి పోతున్న. ఆడ మేకలున్నయట. ఈ ఊళ్ళె ఇంక గాజులు తొడుగబుద్ధైతలేదు."

అమ్మ ఏడ్చింది. గాజులవ్వ చంకలోని మూట విప్పి ఒక పాత చీర తీసింది. రంగు పోయిన నేతచీర, అంచు చిరిగి ఉంది.

"ఇది రోజూ కట్టుకున్నదే, ఉతకలే. ఇది కప్పుకుని కూసోండ్రి. వాసనకు నేనే అనుకుంటది, చేపుతది. పెద్దోళ్ళనైతె గుర్తువడుతది, ఈ పిల్లను కూసోబెట్టు. దీని చేతులు మెత్తన." నా వేళ్ళు పట్టుకుని నొక్కి చూసింది, గాజుల కొలత చూసేటప్పుడు నొక్కినట్టే. "బొటనవేలు లోపలికి ముడువకు బిడ్డా, దానికి నొస్తది. పైనుంచి కిందికి, నిమ్మలంగ."

ఆ సాయంత్రమే అమ్మ ఆ చీర నా తల మీదుగా కప్పింది. మోకాళ్ళ దాకా, నేల దాకా వచ్చింది. లోపలంతా ఆమె వాసన, ఆముదం, పొగాకు, పసిదాని పాలకంపు. నేను కుండ మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాను. బర్రె మెడ తిప్పి చీరను మూడుసార్లు వాసన చూసింది. మూతి తడి నా చెంపకు తగిలింది. తర్వాత నిలబడిపోయింది. చన్నులు నిండి మెరిశాయి.

చేపింది. నన్ను నమ్మి చేపింది.

నేను పిండుతున్నాను. ముసుగులోంచి వాకిలి కొంచెమే కనబడుతోంది. బాపు గడ్డిమోపుతో వచ్చాడు. గడపలో ఆగాడు. గాజులవ్వ పోయిన సంగతి ఆయనకు అమ్మ చెప్పలేదు, ఇద్దరి మధ్యా అప్పటికి మాటలు తక్కువ. వంగి కూర్చున్న ఆ చీరను చూశాడు. ఆయన చెయ్యి గభాల్న మొలతాడు మీదికి పోయింది, తాళంచెవిని గుప్పిట్లో మూసేసింది. మోపు కూడా దించుకోకుండా, వెనక్కి వెనక్కి అడుగులేసి, తలుపు చాటుకు తప్పుకున్నాడు.

బాపూ నేను, అని ఒక్క మాట అంటే ఆగేవాడు. మోపు దించి లోపలికి వచ్చి, పిండడం ఎప్పుడు నేర్చినవే అని అడిగేవాడు. నా నోటి దాకా వచ్చింది. అనలేదు. తలవంచుకుని, పైనుంచి కిందికి, నిమ్మళంగా పిండుతూ కూర్చున్నాను. ఆయన అడుగులు పెరటి వైపు పోవడం విన్నాను.